నాగవ్వ అరుగు మీద పన్నెండు చాటలు

భూమక్క వస్తోందంటే ముందు గొంతు వస్తుంది, ఆ తర్వాత మనిషి వస్తుంది. ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డి పోయే బస్సులు ఆగే ఆ చిన్న ఊళ్లో, పొద్దున ఎనిమిదింటికి మీరు ఏ గల్లీలో నిలబడ్డా ఆమె మాట చెవిన పడాల్సిందే. "ఓ పోరీ, గోలీ మింగినవా, మీ కోడికి ఏసినవా?" అని ఒక గుమ్మం దగ్గర. "ఏం మామా, బీపీ చూస్త రమ్మంటే ఉరుకుతున్నవ్, కల్లు పోస్త రమ్మంటే ఆగుతవా?" అని ఇంకో గుమ్మం దగ్గర. ఎవరూ కోపం తెచ్చుకోరు. తెచ్చుకున్నా లాభం లేదు, మర్నాడు మళ్లీ అదే గుమ్మానికి వస్తుంది.

ఆమెకు నలభై ఆరేళ్లు. పన్నెండేళ్లుగా ఆ ఊరి ఆశా కార్యకర్త. అంతకుముందు పద్దెనిమిదేళ్లు బీడీలు చుట్టింది. ఆ పని ఆమె మానుకుంది గానీ ఆమె వేళ్లు మానుకోలేదు. చేతికి కాగితం ముక్క దొరికితే చాలు, మాట్లాడుతూ మాట్లాడుతూ చుట్టేస్తుంది. బస్టాండు దగ్గర టీ కొట్టు నడిపే ఆమె భర్త హన్మండ్లు వచ్చినవాళ్లందరికీ ఈ సంగతి చెప్పుకుని బాధపడతాడు. "మా ఇంట్ల ఒక్క కాయితం సాపుగ ఉండదు. కరెంటు బిల్లు గూడ దారం కట్టి చేతిల పెడతది," అంటాడు.

భూమక్కకు ఒక గర్వం ఉంది. ఈ పన్నెండేళ్లలో ఆమె ఊళ్లో ఒక్క కాన్పు కూడా ఇంట్లో జరగలేదు, సూది తప్పించుకున్న పసిపిల్ల ఒక్కతీ లేదు. సర్కారు రిజిస్టరు సర్కారుది, అది కాక ఆమెకు అట్ట చిరిగిన సొంత నోటుబుక్కు ఒకటుంది. అందులో ఇంటింటి సంగతులూ పెన్సిల్‌తో రాసుకుంటుంది. ఆ పుస్తకంలో ఆమె తిప్పడానికి ఇష్టపడని పేజీ ఒక్కటే. వినోద, భర్త భూపాల్, అత్త నాగవ్వ అని పైన ఉంటుంది. కింద రెండు వరుసలు. "నాలుగో నెల పోయింది. బలహీనత." "ఐదో నెల పోయింది. బలహీనత."

వినోద దోమకొండ పిల్ల. నాలుగేళ్ల కిందట ఈ ఊరికి కోడలై వచ్చింది. భూపాల్ వరికోత మిషన్ డ్రైవరు. కోతలప్పుడు మహమ్మద్‌నగర్ దాకా, అది దాటి ఇంకా పైకి కూడా పోతాడు, వారాలకు వారాలు ఇంటి ముఖం చూడడు. కోతలు అయిపోతే మిషన్ షెడ్డులో, మనిషి మంచం మీద. వినోద పొద్దంతా సాలవ్వ అరుగు మీద మిగతా ఆడవాళ్లతో కలిసి, ఒళ్లో తంబాకు చాట పెట్టుకుని బీడీలు చుట్టేది. సాలవ్వకు అరవై ఐదేళ్లు, ఊళ్లో బీడీల పనికి పెద్దదిక్కు.

మొదటి కడుపు పోయినప్పుడు భూమక్క పిల్లను దగ్గర కూర్చోబెట్టుకుని ఓదార్చింది. రెండోసారి నెల తప్పిందని తెలియగానే మాత్రం ఓదార్పులతో ఊరుకోదలచుకోలేదు. కడుపుతో ఉన్నవాళ్లు తంబాకు దుమ్ము పీల్చకూడదని శిక్షణలో చెప్పారు, అది నిజమే. ఆమె నేరుగా సాలవ్వ అరుగు మీదికి పోయి వినోద ఒళ్లోంచి చాట లాక్కుంది. తంబాకు దులిపేసి, ఆ చాటను తీసుకుపోయి నాగవ్వ ఇంట్లో అటక మీద పెట్టింది. "ఇగ దీన్ని ముట్టినవంటే నేనే వచ్చి నీ చెయ్యి ఇరగ్గొడత. కాన్పయ్యేదాక ఇంట్ల కాలు మీద కాలేస్కొని కూసో," అంది. అందరూ నవ్వారు. వినోద కూడా నవ్వింది. అప్పటి నుంచి ఆ పిల్ల ఇంట్లోనే ఉంది. ఐదో నెలలో రక్తం పోయి, ఆ కడుపూ పోయింది.

దిష్టి అన్నారు కొందరు. తంబాకు ముందే ఒంట్లోకి ఎక్కిపోయిందన్నారు కొందరు. నాగవ్వ ఏమీ అనలేదు. భూమక్క ఐరన్ గోలీలు రెట్టింపు జాగ్రత్తగా లెక్కపెట్టి ఇచ్చి, నోటుబుక్కులో రెండోసారి బలహీనత అని రాసుకుంది. కొన్నాళ్లకు వినోద అటక మీది చాట దించుకుని మళ్లీ సాలవ్వ అరుగు చేరింది.

ఈ యాసంగి కోతలు అయిపోయిన నెలకు వినోద పరీక్ష పట్టీ మీద మళ్లీ రెండు గీతలు కనబడ్డాయి. భూమక్క సంతోషంతో సగం గల్లీ పరుగెత్తింది, మిగతా సగం భయంతో నడిచింది. ఈసారి ఈ బిడ్డ దక్కాలి. మూడోది కూడా పోతే ఆ పిల్ల ముఖం చూడటం తన వల్ల కాదు. చేయాల్సింది ఆమెకు తెలుసు, లేదా తెలుసనుకుంది. చాట లాక్కోవడానికి మళ్లీ సాలవ్వ అరుగు ఎక్కింది. వినోద అప్పుడే పొయ్యి చూసుకోవడానికి ఇంటికి పోయింది.

"ఆగు," అంది సాలవ్వ. ఇంకో మాట లేకుండా తన నడుములోంచి రేకు డబ్బా తీసింది. ముసలామెకు బీడీ తాగే అలవాటుంది. తనతో చుట్టేవాళ్ల దగ్గర నాలుగేసి తీసుకుని ఆ డబ్బాలో దాచుకుంటుంది. అందులోంచి రెండు బీడీలు భూమక్క అరచేతిలో పెట్టింది. "రెండు గూడ వినోదయే. నొక్కి సూడు."

పద్దెనిమిదేళ్లు చుట్టిన వేళ్లకు చూపు అక్కర్లేదు. ఒకటి గట్టిగా, మేకు లాగా ఉంది. రెండోది వేళ్ల మధ్యనే సొట్ట పడింది. "ఏందే గిది, కొత్తగ నేర్చుకునేటోళ్లు చుట్టినట్టున్నది," అంది భూమక్క నవ్వుతూ.

"గట్టిది కోతలల్ల చుట్టింది. వదులుది నిన్న చుట్టింది. నాలుగేండ్ల సంది చూస్తున్న నేను. వాడు ఊర్లె లేనన్ని దినాలు పిల్ల బీడీకి వంక వెట్టలేం. మిషిన్ షెడ్డుల వెట్టి వాడు ఇంటికచ్చినంక వారం తిరగదు, బీడీ వదులైతది. ఎడమ చెయ్యి బిగవడితేనే గద ఆకు బిగిసేది. ఆ చెయ్యి వాడు మెలివెడితే ఏం బిగుస్తది?"

అరుగు మీద కత్తెర్ల చప్పుడు తగ్గింది. ఎవరూ తల ఎత్తలేదు. భూమక్క ఆ వదులు బీడీని వేళ్ల మధ్య తిప్పుతూనే ఉంది.

"నువ్వు చాట గుంజుకపోయిన్నాడే పిల్ల లోపల వడ్డది," అంది సాలవ్వ. "మా నడుమ కూసున్నన్ని దినాలు వాడు జర ఆగేటోడు. లోపల ఎవ్వలు చూడాలె? ఇప్పుడు మళ్ల గుంజుకపోతానికే వచ్చినవ్ గద."

"మరి నాకెందుకు చెప్పలే నువ్వు?"

"నువ్వు అడిగినవా? రక్తం ఎంతున్నదని అడిగినవ్. గోలీ మింగినవా అని అడిగినవ్. గిది ఎన్నడన్న అడిగినవా?"

భూమక్క చాట ముట్టకుండానే అరుగు దిగింది. చేయి ఇరగ్గొడతానని తాను నవ్వుతూ అన్న మాట ఆమెకు గుర్తొచ్చింది. అందరితో పాటు ఆ పిల్ల ఎలా నవ్విందో కూడా గుర్తొచ్చింది.

ఆ ముందు ఏడాది కామారెడ్డిలో ఒక శిక్షణ జరిగింది. అక్కడి ఆసుపత్రి పెద్ద నర్సు ఎస్తేర్ వచ్చి, కడుపులు నిలవని ఆడవాళ్లను, ఊరికే జబ్బు పడేవాళ్లను ఒక్క ప్రశ్న తప్పకుండా అడగమంది. ఇంట్లో ఎవరైనా కొడతారా అని. అది కూడా పక్కన ఎవరూ లేనప్పుడు అడగమంది. భూమక్క వెనక వరసలోంచి లేచి, "మేడం, మా ఊర్లె ఆడది ఒక్కతే దొరికేది తానంకాడనే," అని హాలంతా నవ్వించింది. ఆ నవ్వులో ప్రశ్నను అక్కడే వదిలేసి ఊరికి వచ్చింది. బీపీ మిషన్ ఒక్కటే తెచ్చుకుంది.

మర్నాడు స్కానింగుకు తీసుకుపోతానని నాగవ్వ ఇంటికి పోయింది. భూపాల్ మంచం మీదినుంచి లేచి, "నేను తోల్కపోత తియ్యి వదినె," అన్నాడు. భూమక్క ఎప్పటిలాగే పళ్లన్నీ కనబడేలా నవ్వింది. "నీకు టికెట్ కొట్టాలె మరిదీ. మాకు ఊకెనే బస్సు. అయినా ఆడ పొద్దుగూకేదాక ఆడోళ్ల లైన్ల నిలవడాలె, నిలవడతవా?" అంది. భూపాల్ మళ్లీ మంచం మీద ఒరిగాడు. ఆమె నవ్వు ఎప్పటిలాగే ఉందని అతను అనుకున్నాడు. పళ్ల వెనక నాలుక మీద ఏమేం ఉన్నాయో అతనికి తెలియదు.

ఎల్లారెడ్డి బస్సు నిండుగా వచ్చింది. ఉల్లిగడ్డల సంచులు, పెళ్లికి పోయే గుంపు, ఒక మేకపిల్ల, ఆడవాళ్లందరికీ పైసా లేని జీరో టికెట్లు. చివరి సీటులో బస్సు మోతకు ఇద్దరి మాట మూడో మనిషికి వినబడదు. ఇన్నేళ్లూ తాను వెతకని ఒంటరి చోటు ఇక్కడే ఉందని భూమక్కకు అప్పుడు తెలిసింది. లింగంపేట దాటాక గొంతు తగ్గించింది. గొంతు తగ్గించడం ఆమెకు చేతకాని పని, అందుకే మొదటిసారి అడిగింది బస్సు మోతలో కలిసిపోయింది. రెండోసారి అడిగింది. "వినోదా, భూపాలు నిన్ను కొడతడా?"

వినోద కిటికీలోంచి చూస్తూ నవ్వింది. "ఎవ్వల ఇంట్ల లేదక్క," అంది.

"ఎవ్వల ఇంటి ముచ్చట నేను అడగలే. నీ ముచ్చట అడిగిన."

వినోద కిటికీ వైపునుంచి ఇటు తిరిగింది. మాట్లాడటం మొదలుపెట్టాక కామారెడ్డి బస్టాండు దాకా ఆపలేదు. మొదటిసారి కూర చల్లారిందని తోశాడు, గడప మీద పడింది. వారానికి కడుపు పోయింది. ఏడాది ఆగమని డాక్టరమ్మ చెబితే, కడుపు రాకుండా భూమక్క ఇచ్చిన గోలీలు మోరీలో పారేశాడు. తెల్లబట్టకు ఇద్దరూ మందు వాడాలని ఇచ్చిన బిళ్లలు తాను మింగింది, అతను ముట్టలేదు. అందుకే ఆ జబ్బు మూడుసార్లు తిరగబెట్టింది. వద్దన్న రాత్రులు కూడా వద్దనే మాట చెల్లలేదు. రెండోసారి ఇంట్లోనే ఉండటంతో రోజూ ఏదో ఒకటి. అన్నం సయించేది కాదు, నిద్ర పట్టేది కాదు. "నువ్వు కాలు మీద కాలేస్కొని కూసో అన్నవ్ గదక్క," అంది వినోద. నిందగా అనలేదు, జరిగింది చెప్పింది.

భూమక్క వేళ్లలో జీరో టికెట్టు చుట్టుకుపోయి, బిగిసి, సన్నని పుల్లయింది. "తప్పు నాది," అంది. "నీకు మూడు తీర్ల గోలీలిచ్చిన. ఒక్క మాట అడగలే. నా పాపం గిది." ఆమె కళ్లు నిండాయి. వినోదే కొంగు అందించింది. ఓదార్చడానికి వచ్చిన మనిషిని తాను ఓదార్చాల్సి రావడంతో ఆ పిల్లకు నవ్వొచ్చింది. ఈసారి నిజంగానే నవ్వింది.

ఆసుపత్రిలో స్కానింగు అయింది. బిడ్డ గుండె గబగబా కొట్టుకుంటోంది. ఎస్తేర్ భూమక్కను కూడా బయట నిలబెట్టి, వినోదతో అరగంట మాట్లాడింది. తర్వాత తలుపు తీసి ఇద్దరినీ కూర్చోబెట్టింది. "దెబ్బ కడుపు మీదనే పడాలని లేదమ్మా. భయంతో తిండి తగ్గుతుంది, నిద్ర తగ్గుతుంది, రక్తం తగ్గుతుంది, జబ్బు ముదురుతుంది. ఈ పిల్ల ఒంట్లో లోపం నాకేం కనబడలేదు," అంది. దెబ్బలు తినే ఆడవాళ్లకు అండగా ఉండే సర్కారు సఖి కేంద్రం ఎక్కడుందో చెప్పింది, ఆపదలో పిలవాల్సిన 181 నంబరు వినోద చేత రెండుసార్లు చెప్పించింది. "ఇవాళే పోతావా?" అని అడిగింది.

వినోద తల అడ్డంగా ఊపింది. "ఇప్పుడు కాదు మేడం. నాకు ఈ బిడ్డ దక్కాలె. అందాక నేను ఒక్కదాన్నే ఉండద్దు. గంతే."

ఎస్తేర్ ఒత్తిడి చేయలేదు. నిర్ణయం ఆ పిల్లది, తోడు మనది, అని భూమక్కతో అంది. తిరుగు బస్సులో భూమక్క పరాచికాలు మరిచి, వేళ్ల మీద మనుషులను లెక్కపెట్టుకుంటూ కూర్చుంది. ఆమెకు ఒంట్లో బాగాలేదేమోనని కండక్టరు అడిగి వెళ్లాడు.

ఒక్కతే ఉండకూడదు. సరే, అలాగే కానిద్దాం అనుకుంది భూమక్క. సాయంత్రం సాలవ్వ దగ్గర కూర్చుని గుసగుసలాడింది. మర్నాడు పొద్దున పన్నెండు మంది ఆడవాళ్లు పన్నెండు చాటలతో, తడి గుడ్డలో చుట్టిన తునికాకు మూటలతో నాగవ్వ ఇంటి ముందు దిగారు. సాలవ్వ అరుగు మీద రేకు కారుతోందట. మబ్బు తునక లేని ఆకాశం కింద నిలబడి ఆమె ఆ మాట చెప్పింది. నాగవ్వ ఏమంటుందోనని అందరూ చూశారు. ఎప్పుడూ నలుగురితో మాట్లాడని మనిషి ఆమె. గుమ్మంలో నిలబడి పన్నెండు చాటలనూ చూసింది, వెనక నిలబడ్డ కోడలిని చూసింది. లోపలికి పోయి చాప తెచ్చి అరుగు మీద పరిచింది. "ఈడ మంచి నీడుంటది. కూసోండ్రి," అంది.

వినోదను తంబాకుకు దూరంగా, గాలి వచ్చే చివర కూర్చోబెట్టారు. కొలతకు రేకు ముక్క పెట్టి ఆకు కత్తిరించడం, చుట్టి ఇచ్చిన కట్టలకు దారం చుట్టడం ఆమె పని. ఆ రోజు నుంచి ఆ ఇంటికి ఏకాంతం అనేది లేకుండా పోయింది. భూపాల్ బయటికి అడుగు పెట్టాలంటే రెండు చాటలు జరగాలి. లోపలినుంచి మంచినీళ్లు అడిగితే నలుగురు లేచేవాళ్లు. ఫోనులో మాట్లాడితే అవతలివాళ్లు ఎవరో, ఏమన్నారో మధ్యాహ్నానికి ఊరందరికీ తెలిసేది. చీకటి పడ్డాక సాలవ్వ తన చాప పట్టుకుని వచ్చేది. ఇంట్లో ఉక్కపోస్తోందని అక్కడే, నాగవ్వ పక్కన, వినోద మంచం పక్కన పడుకునేది. వానాకాలం వచ్చి చల్లగాలి వీచినా సాలవ్వ ఇంట్లో ఉక్క తగ్గలేదు.

"ఇది ఇల్లా, కార్ఖానానా?" అని భూపాల్ ఒకసారి టీ కొట్టు దగ్గర అన్నాడు. "నాకు గూడ గదే అనుమానం. మా ఇంటిది పొద్దంతా మీ ఇంటికాడనే ఉంటుంది," అన్నాడు హన్మండ్లు, టీ వడపోస్తూ.

వినోదకు ఐదో నెల దాటింది. ఆ నెల ఆఖరి రోజున భూమక్క సాలవ్వ డబ్బాలోంచి ఒక బీడీ తీసుకుని, ముట్టించకుండా పళ్ల మధ్య పెట్టుకుని ఊరంతా తిరిగింది. ఎందుకని అడిగినవాళ్లకు, "ఐదో నెల దాటినం," అని చెప్పింది.

ఆరో నెలలో ఒక మధ్యాహ్నం జరిగింది అసలు సంగతి. భూపాల్ లోపలినుంచి వినోదను పిలిచాడు. ఆమె చేతిలో ఆకు ఉంది, కత్తిరించి లేద్దామనుకుంది. అతను రెండోసారి పిలవలేదు. చాటలు దాటుకుంటూ వచ్చి ఆమె ఎడమ చేయి పట్టుకుని గుంజాడు.

పన్నెండు కత్తెర్లూ ఆగాయి. ఎవరూ అరవలేదు, ఎవరూ లేవలేదు. పన్నెండు జతల కళ్లు మాత్రం అతని చేతి మీద నిలిచాయి. సాలవ్వ రోజూ మాట్లాడే గొంతుతోనే అంది. "భూపాలూ, ఆ చెయ్యి ఇడువు. దానితోని మాకు పనున్నది."

అతను వదల్లేదు. అప్పుడు నాగవ్వ గంటె చేత్తోనే గుమ్మంలోకి వచ్చింది. "మీ నాయిన గూడ నన్ను గిట్లనే గుంజుకపోయేటోడు," అంది. "నువ్వు ఆ మూలకు నిలవడి ఏడ్సేటోనివి. అవ్వను కొట్టకు నాయినా అనేటోనివి. యాదికున్నదా బిడ్డా?"

భూపాల్ తల్లి వంక చూశాడు. తర్వాత ఆ మూల వంక చూశాడు. చేయి వదిలేసి, చెప్పులు వేసుకుని, ఎవరి చాటా తగలకుండా జాగ్రత్తగా దాటుకుని బజారు వైపు పోయాడు. వినోద మణికట్టు రుద్దుకుని కత్తెర తీసుకుంది. భూమక్క గల్లీ మలుపు తిరిగి వచ్చేసరికి మళ్లీ ఆకు కత్తిరిస్తోంది. "అక్క, రేపటి బస్సుకు పోదాం. ఎస్తేర్ మేడం చెప్పిన ఆఫీసుకు," అంది తల ఎత్తకుండా.

సఖి కేంద్రం వాళ్లు భూపాల్‌ను పిలిపించారు. ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి, ఇది తమ ఇంటి ముచ్చట అన్నాడు. ఇంటి ముచ్చట కాదు, చట్టం ముచ్చట అని వాళ్లు నెమ్మదిగానే చెప్పారు. మళ్లీ చేయి ఎత్తితే ఏం జరుగుతుందో చదివి వినిపించి సంతకం పెట్టించారు, నెలనెలా వచ్చి కూర్చోమన్నారు. కాగితం మీద సంతకంతో మొగుళ్లు మారిపోతారని భూమక్క నమ్మదు. కానీ భయం అనేది ఆ ఇంట్లో మొదటిసారి అటు వైపుకు పోయింది, అది చాలు ప్రస్తుతానికి అనుకుంది.

ఏడో నెలలో వినోద దోమకొండకు, తల్లిగారింటికి బయల్దేరింది. బస్సు దగ్గర చూస్తే నాగవ్వ కూడా సంచి పట్టుకుని నిలబడి ఉంది. "నువ్వెటు అత్తా?" అంది భూమక్క.

"నా మనుమరాలు ఏడుంటే ఆడ."

"మనుమరాలే అని నీకెట్ల ఎరుక?"

"మనుమడు పుడితే వాపసు ఇస్తనా?" అని నాగవ్వ బస్సెక్కింది. ఆమె హాస్యమాడటం ఊళ్లో ఎవరూ అంతవరకు వినలేదు.

ఒంటరిగా మిగిలిన భూపాల్ వారం తిరక్కుండా గల్లీలో భూమక్కను ఆపాడు. "పప్పుల ఉప్పు ఎంతెయ్యాలె వదినె?" అని అడిగాడు. "చేతికెంతొస్తే గంత ఏస్కో. కొట్టేటప్పుడు ఎంతని చూసినవా?" అంది భూమక్క. నాలుగడుగులు పోయి, వెనక్కి తిరిగి, చెంచాడు చాలని కూడా చెప్పింది. మాట పడేయకుండా ఉండలేదు, మనిషి ఆకలితో ఉంటే పోనూలేదు, అదీ ఆమె తీరు.

తొమ్మిది నెలలు నిండాక, ఒక పొద్దుటి పూట కామారెడ్డి ఆసుపత్రిలో వినోదకు ఆడపిల్ల పుట్టింది. రెండు కిలోల ఎనిమిది వందల గ్రాములు. బయటి వరండాలోకి వినబడేంత ఏడుపు. "నీ గొంతే వచ్చింది భూమక్కా," అని ఎస్తేర్ నవ్వుతూ బిడ్డను తెచ్చి నాగవ్వ చేతుల్లో పెట్టింది. భూమక్క ఏడ్చింది, నవ్వింది, ఆ కంగారులో ఆసుపత్రి వాళ్లు ఇచ్చిన చీటీని చుట్టేసింది. నాగవ్వ దాన్ని లాక్కుని, విప్పి, మోకాలి మీద పెట్టి సాపు చేసింది. "నా మనుమరాలి కాయితం గిది. బీడీ కాదు," అంది.

మధ్యాహ్నానికి వినోద లేచి కూర్చుంది. కాపర్ టీ వేయించుకున్నానని, మూడేళ్లు ఆగుతానని చెప్పింది. "ఆయనను అడగలే అక్క. నేనే చెప్పిన," అంది. ఊరికి ఎప్పుడు తిరిగి వస్తుందో, అసలు వస్తుందో లేదో అది కూడా తానే చెబుతానంది. భూమక్క సంచిలోంచి అట్ట చిరిగిన నోటుబుక్కు తీసింది. ఇష్టపడని పేజీ తిప్పింది. బలహీనత అని రెండుచోట్ల ఉన్న మాటను రబ్బరుతో తుడిచి పెన్సిల్ పట్టుకుంది. "ఏం రాయాలె?" అని వినోదను అడిగింది.

"కొట్టుడుకు పోయిండ్రని రాయి," అంది వినోద, బిడ్డ నోరు తుడుస్తూ.

భూమక్క రెండుచోట్లా అలాగే రాసింది. కింద మూడో వరుసలో ఆడపిల్ల, బతికింది, గొంతు పెద్దది అని రాసి పుస్తకం మూయబోయింది. నాగవ్వ చేయి అడ్డం పెట్టింది.

"నాయి గూడ రాయి," అంది.

"నీయి ఏంది అత్తా?"

"నాకు నలుగురు పోయిండ్రు. ఇద్దరు భూపాలుకు ముంగల, ఇద్దరు ఎనుక. ఎందుకు పోయిండ్రని గప్పుడు ఎవ్వలు అడగలే. రాసుకునేటోళ్లు లేరు." ఒళ్లో పసిదాని పిడికిలి ఆమె వేలు పట్టుకుని ఉంది. "రాయి బిడ్డా. నలుగురు."

పక్క పేజీ ఖాళీగా ఉంది. భూమక్క పైన నాగవ్వ అని రాసి, కింద నాలుగు వరుసలు గీసింది. పెన్సిల్ ఆగింది. ఏం కారణమని రాయాలో అడగడానికి తల ఎత్తింది.

"కోడలికి ఏం రాసినవో గదే రాయి," అంది నాగవ్వ.